కట్టమీది ముసలమ్మ: కథ వెనుక నిజము
(శతవార్షికోత్సవ సభలలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ పూట నాకు అప్పగించిన అంశము "జానపద కథలు, వాటి వెనుకనున్న నిజము". కరపత్రములో ఈ అంశము చూచి మన సంఘ పెద్ద ఒకరు నన్ను ఆపి, "అయ్యగారూ, నూరేండ్ల పండుగపూట వాక్యము చెప్పక ఈ అవ్వల కథలేమిటికి?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పవలెనంటే, మొదట నేను చేసిన ఒక తప్పును మీ ముందు ఒప్పుకోవలెను.

వేదాంత కళాశాలలో పట్టా పుచ్చుకొని వచ్చిన క్రొత్తలో నన్ను ఒక పల్లె సంఘమునకు పంపారు. అప్పుడు నాకు ఇరవై ఆరేండ్లు. నేర్చుకొన్నదంతా ఒక్క ఆదివారములోనే చెప్పివేయవలెనన్న తొందర. ఒక ఆదివారము పౌలు భక్తుడు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక నాలుగవ అధ్యాయము తీసుకొన్నాను. అందులో ముసలమ్మ ముచ్చటలు విడిచిపెట్టుమన్న మాట ఉన్నది కదా. ఆ మాట పట్టుకొని, "ఇదిగో, మన బుక్కరాయసముద్రము చెరువుకట్టమీద ముసలమ్మ కథ ఉన్నదే, అదియే అసలైన ముసలమ్మ ముచ్చట" అని చమత్కరించాను. పడుచువాండ్లు నవ్వారు. నేనూ సంతోషించాను.

ఆరాధన ముగిసిన తరువాత గుడి ముందర వేపచెట్టు క్రింద ఒక అవ్వ నా కొరకు కాచుకొని ఉన్నది. డెబ్బది దాటిన మనిషి. చదువు రాదు. ఆమె నన్ను పిలిచి ఇట్లడిగింది: "అయ్యగారూ, ముసలమ్మది కట్టుకథ అంటివి. కానీలే. నాకొకటి చెప్పు. కట్ట తెగినప్పుడు ఊరి రెడ్డి పేరు ఎందుకు రాలేదు? పెద్దకోడలి పేరు ఎందుకు రాలేదు? చిన్నకోడలి పేరే ఎందుకు వచ్చె?"

నాకు జవాబు తోచలేదు. "నీకు తెలుసునా అవ్వా?" అన్నాను.

"నేనూ చిన్నకోడలినే నాయనా. మిలిట్రీవాళ్లు గంజి పోసిన కరువులో నేను క్రొత్తగా కాపురానికి వచ్చింటి. తెచ్చిన గంజి అందరికీ పోసినాక అడుగున ఉండేదే నాకు. కరువు పనిలో మట్టితట్ట మోసింది నేను. ఎవరూ నన్ను చావమని అనలేదు. పోతే ముందు పోయేది నేనేనని మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు."

ఆమె చెప్పినది 1952 ప్రాంతపు రాయలసీమ కరువు. సైన్యము వచ్చి గంజి కేంద్రములు నడిపిన కరువు. ఆ రోజు ఇంటికి వెళ్లి నేను అన్నము తినలేకపోయాను. ముచ్చట చెప్పినది నేను, వాక్యము చెప్పినది ఆమె అనిపించింది. ఇన్నేండ్లుగా ఆ ప్రశ్న నన్ను విడువలేదు. ఈ పూట మీ ముందు పెట్టదలచినది ఆ ప్రశ్ననే.

ప్రియులారా, మన సీమలో కథలకు కరువు లేదు. వానలు కరువు, నీళ్లు కరువు, గ్రాసము కరువు. కథలు మాత్రము ప్రతి గుట్టకు ఒకటి, ప్రతి చెరువుకు ఒకటి. అవన్నియు ఒకే జాతివి కావు. నాకు తెలిసినంతలో మూడు రకములు.

మొదటిది, పేరునుండి పుట్టిన కథ. లేపాక్షి ఉన్నది. రావణునితో పోరాడి రెక్కలు తెగి పడిన జటాయువును చూచి రాముడు "లే, పక్షీ" అన్నాడనియు, అందుచేత ఆ ఊరికి ఆ పేరు వచ్చినదనియు చెబుతారు. అచ్చటి గుడిమీద శాసనములు అచ్యుతరాయల కాలమువి, అనగా పదునారవ శతాబ్దమువి. రాముని కాలమునకు, ఆ రాళ్లకు పొత్తు లేదు. ఐనను ఒక పేరు వినగానే దానికొక అర్థము వెదకుట మనుష్య స్వభావము. ఆదికాండములో బేతేలుకు, బాబెలుకు, బెయేర్షెబాకు ఆ పేర్లెట్లు వచ్చినవో వివరములు లేవా? అట్టి కథలలో అబద్ధమాడే ఉద్దేశము ఉండదు, ఊరిమీద ప్రేమ ఉంటుంది.

రెండవది, మనిషిమీది ప్రేమనుండి పుట్టిన కథ. సర్ థామస్ మన్రో దొర పేరు మీరందరు విన్నదే. నైజాము 1800లో ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసినప్పుడు మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చి, అనంతపురములో కాపురముండి, 1807 వరకు ఇచ్చట పనిచేశాడు. రైతుతో నేరుగా పట్టా కుదుర్చుకొని శిస్తు తగ్గించవలెనని వాదించినవాడు. జనము తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నారు. తరువాత మద్రాసు గవర్నరై, స్వదేశమునకు పోయే ముందు ఈ సీమను మరొకసారి చూడవలెనని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరా తగిలి చనిపోయాడు. గుత్తిలో పాతిపెట్టి, తరువాత ఆ అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ దేవాలయమునకు తీసికొనిపోయారు.

ఇది చరిత్ర. కథ వేరు. కడప సీమలో పాపఘ్ని నది కొండలను చీల్చుకొనివచ్చే గండి దగ్గర, ఈ కొండకు ఆ కొండకు నడుమ ఒక బంగారు తోరణము వ్రేలాడుచున్నదట. అది అందరికీ కనబడదు. చావు దగ్గరపడిన పుణ్యాత్మునికే కనబడునట. మన్రో దొర ఆ దారిన పోవుచు తల ఎత్తి, "ఈ తోరణము ఎవరు కట్టారు?" అని అడిగాడట. వెంటనున్నవారు ఒకరి మొగము ఒకరు చూచుకొన్నారట. కొద్దికాలమునకే ఆయన పోయాడు.

తోరణము నిజమా? కాదు. నిజమైనది కలరా. కానీ పరదేశస్థుడు, పరమతస్థుడు, పన్ను వసూలు చేయవచ్చిన అధికారి. అట్టివానిని ఈ జనము తమ పుణ్యాత్ముల వరుసలో కూర్చుండబెట్టుకొన్నారు. ఆ ప్రేమ నిజము. అది ఏ రిజిస్టరులోను లేదు, ఈ కథలోనే ఉన్నది.

ఇక మూడవ రకము. ఇది గాయమునుండి పుట్టిన కథ. ముసలమ్మది ఆ జాతి కథ.

మీలో చాలమంది ఆ కట్టమీద నడిచినవారే. అనంతపురము పట్టణమునకు ఆనుకొని ఒక ప్రక్క అనంతసాగరము, కొద్ది దూరములో బుక్కరాయసముద్రము. విజయనగరపు మొదటి బుక్కరాయల దివాను చిక్కప్ప ఒడయరు 1364 ప్రాంతమున పండమేరు నీటికి అడ్డుకట్ట వేసి ఈ చెరువులను త్రవ్వించాడని జిల్లా చరిత్ర చెబుతుంది. రాజు పేరున ఒక ఊరు, రాణి అనంతమ్మ పేరున ఒక ఊరు వెలసినవట. ఇంతవరకు రాజు, రాణి, దివాను. మట్టి మోసినవారి పేరు ఒక్కటి లేదు.

కథ ఇట్లున్నది. ఒక సంవత్సరము విపరీతమైన వాన కురిసి బుక్కరాయసముద్రము చెరువు పొంగింది. కట్టకు గండి పడింది. ఊరి జనమంతా మట్టి, కంప, బండలు వేసినా నిలువలేదు. అప్పుడొక దేవత పలికినదట: బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలి ఇచ్చితే కట్ట నిలుచునని. పేరే ముసలమ్మ గాని ఆమె పడుచు. మంచి పిల్ల. ఆ మాట విని ఆమె ఏడ్వలేదు, పారిపోలేదు. అత్తమామలకు మ్రొక్కి, భర్తను ఓదార్చి, బిడ్డను విడిచి, పసుపు కుంకుమలతో నడిచి వచ్చి గండిలో నిలుచున్నది. ఆమెపైన మట్టి పడింది. కట్ట నిలిచింది. నేటికిని ఆ కట్టపైన ఆమెను కొలుస్తారు, మ్రొక్కులు చెల్లించుకొంటారు.

ఈ కథ నోటిమాటగానే మిగిలిపోలేదు. బ్రౌన్ దొర సేకరించిన వ్రాతప్రతులలో అనంతపుర చరిత్ర ఒకటి. దానిని ఆయన 1853లో ఇంగ్లీషులో అచ్చువేయించారు. అందులోని ఈ కథను తీసుకొని, 1899లో మద్రాసు క్రైస్తవ కళాశాల విద్యార్థిగానున్న కట్టమంచి రామలింగారెడ్డి గారు "ముసలమ్మ మరణము" అను కావ్యము వ్రాసి పోటీలో బహుమానము పొందారు. ఆధునిక తెలుగు కవిత్వమునకు అది తొలిమెట్లలో ఒకటని పండితులు లెక్కిస్తారు. ఒక పల్లెటూరి కోడలి కథ క్రైస్తవ కళాశాల గోడల మధ్య కావ్యమైనదని తెలిసినప్పుడు, నా పాత చమత్కారమునకు మరింత సిగ్గుపడ్డాను.

ఇప్పుడు నిజము వెదకుదము.

మొదటి నిజము కట్టదే. మనది వర్షచ్ఛాయలోనున్న సీమ. నైరుతి మేఘములను పడమటి కనుమలు ఆపివేస్తాయి. ఈశాన్య ఋతుపవనము మన దగ్గరకు వచ్చుసరికి బలము తగ్గిపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదియు నమ్మకము లేనిది. కానీ వచ్చినప్పుడు ఒక్కొక్కసారి నెలల వాన రెండు రాత్రులలో కురుస్తుంది. చెరువులన్నియు గొలుసుకట్టుగా ఉన్నవి. పైచెరువు తెగితే ఆ నీరంతా క్రిందిచెరువుమీద పడుతుంది. మరువ చాలకపోతే నీరు కట్టమీదుగా పొర్లుతుంది. మట్టికట్టమీద నీరు పొర్లినదంటే గంటలలో గండి. లేక తూము ప్రక్కన ఎలుకబొరియ గుండా ఊట మొదలై, లోపలి మట్టి కొట్టుకొనిపోతుంది. ఆరు వందల యేండ్ల చెరువునకు ఇట్టి రాత్రులు ఎన్నో వచ్చియుండును. ఆ భయము కల్పన కాదు.

రెండవ నిజము వినుటకు కఠినమైనది. నరబలి అన్నది కథలకే పరిమితమైన మాట కాదు. కృష్ణదేవరాయలు హోసపేట దగ్గర పెద్ద చెరువు కట్టించినప్పుడు, 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన డొమింగో పేస్ అను పోర్చుగీసువాడు ఆ పని చూచాడు. పదునైదు ఇరువది వేలమంది చీమలవలె పనిచేయుచుండిరని వ్రాశాడు. ఆ కట్ట రెండు మూడు సార్లు తెగినదట. దేవునికి రక్తము కావలెనని చెప్పగా, రాజు అరువదిమంది తలలు నరికించాడని, గుర్రములను, దున్నలను కూడ బలి ఇప్పించాడని ఆయన వ్రాత. మరి కొన్నేండ్లకు వచ్చిన న్యూనిజ్ కూడ ఈ సంగతి చెబుతూ, చంపబడినవారు మరణశిక్షకు తగిన ఖైదీలని చేర్చాడు. చూచితిరా? కట్ట తెగినప్పుడు బలికి దొరికినది ఎవరు? చెరసాలలోనున్నవారు. వారి తరఫున మాట్లాడే నోరు లేనివారు.

అవ్వ అడిగిన ప్రశ్నకు ఇక్కడనే జవాబు మొదలవుతుంది.

మూడవ నిజము చూడండి. మన పొరుగు కన్నడ సీమలో "కెరెగె హార" అని ఒక పాత జానపద గేయము ఉన్నది. చెరువుకు హారము అని అర్థము. అక్కడ త్రవ్విన చెరువులో నీరు పడలేదు, బలి కావలెనన్నారు, ఊరి గౌడుని చిన్నకోడలు భాగీరథిని ఇచ్చారు. దండులోనున్న భర్త తిరిగివచ్చి, సంగతి తెలిసి, అదే చెరువులో దూకాడు. దూరముగా సెర్బియా దేశములో స్కదర్ కోట కథ ఉన్నది. ముగ్గురు అన్నదమ్ములు కట్టుచున్న గోడ రాత్రికి రాత్రి కూలిపోతున్నది. మరునాడు అన్నము తెచ్చిన భార్యను గోడలో పెట్టవలెనని, ముందుగా ఎవరును తమ భార్యకు చెప్పరాదని ఒట్టుపెట్టుకొన్నారు. పెద్దవారిద్దరు ఒట్టు తప్పి ఇంటిలో చెప్పుకొన్నారు. చిన్నవాడు మాట నిలుపుకొన్నాడు. చిన్నకోడలు అన్నము మోసికొని వచ్చింది. గ్రీసులో ఆర్తా వంతెన క్రింద మేస్త్రీ భార్య. దేశములు వేరు, భాషలు వేరు, మతములు వేరు. గోడలోనికి పోయేది మాత్రము పరాయి ఇంటినుండి వచ్చిన ఆడపిల్ల.

ఇన్ని దేశములవారు ఒకరినొకరు అడుగకుండ ఒకే అబద్ధము ఆడరు. ఆ కథ వెనుక ఒక లెక్క ఉన్నది. ఇంటిలో ఎవరు పోతే నష్టము తక్కువ అను లెక్క. ఆ లెక్క వేసినది దేవత కాదు. మనుష్యులే వేసి, దేవత నోట పలికించారు.

ఆ లెక్క తప్పనుటకు వేదాంతము కూడ అక్కరలేదు, మన పెద్దలు చెక్కించిన రాయి చాలును. ముసలమ్మ చెరువు కట్టిన అయిదేండ్లకు, 1369లో, ఆ బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కడప సీమలోని పోరుమామిళ్ల దగ్గర ఒక చెరువు కట్టించాడు. దాని శాసనము ఈనాటికిని ఉన్నది. మంచి చెరువునకు పండ్రెండు అంగములు చెప్పినారు: ధర్మము తెలిసిన రాజు, జలశాస్త్రము తెలిసిన పండితుడు, గట్టి నేల, తీయని నీటి ఏరు, తగిన కొండలు, బిగువైన రాతికట్ట, పని తెలిసిన కూలీలు, ఇట్లు. ఆరు దోషములు కూడ చెప్పినారు: కట్టనుండి ఊట, చవిటి నేల, రెండు రాజ్యముల సరిహద్దు మొదలైనవి. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల పని అని లెక్క వ్రాసినారు. ఆ పండ్రెండు అంగములలో ఆడపిల్ల ప్రాణము లేదు. కట్ట దేనివలన నిలుచునో ఆనాటివారికి తెలియును. రాతివలన, మట్టివలన, మరువవలన, కూలివాని చెమటవలన.

ఇప్పుడు వాక్యమునకు వత్తము. మన బైబిలు ఈ సంగతి దాచలేదు. మొదటి రాజుల గ్రంథము పదునారవ అధ్యాయము చివర హీయేలు అనువాడు యెరికో పట్టణమును మరల కట్టించినట్లున్నది. పునాది వేసినప్పుడు పెద్దకుమారుడు, తలుపులు నిలిపినప్పుడు చిన్నకుమారుడు పోయిరి. న్యాయాధిపతుల గ్రంథములో యెఫ్తా ఉన్నాడు. గెలుపు కొరకు మ్రొక్కుకొన్నాడు. మ్రొక్కుబడికి కూతురు బలియైనది. ఆమె పేరైనను వ్రాయలేదు. కానీ ఇశ్రాయేలు కన్యకలు ఏటేట నాలుగు దినములు ఆమెను జ్ఞాపకము చేసికొనుచుండిరని ఉన్నది. చదువుకొన్నవారు పేరు మరచిరి. ఆడపిల్లలు ఆమెను మరువలేదు. మన కట్టమీద జరిగినదియు ఇదే కదా! శాసనములకు అక్కరలేని పిల్లను జనము గుర్తుంచుకొన్నారు, పేరుతో సహా.

అబ్రాహాము కత్తి ఎత్తినప్పుడు దేవుడు ఆపినాడు. బిడ్డలను అగ్నిలో వేయుట తన తలంపునకైనను రాలేదని యిర్మీయా ద్వారా చెప్పించినాడు. జ్యేష్ఠపుత్రుని ఇత్తునా అని మీకా అడిగి, న్యాయము, కనికరము, దీనమనస్సు చాలునన్నాడు. ఇంతకంటె తేటగా ఎట్లు చెప్పవలెను?

"అయితే అయ్యగారూ, ముసలమ్మ తనంతట తానే పోయినది కదా, క్రీస్తు ప్రభువువలె" అని కొందరు నన్ను అడిగారు. ఈ మాట జాగ్రత్తగా తూచవలెను. ఆమె ప్రేమ నిజము. ఊరి కొరకు నిలుచున్న ఆమె ధైర్యమును నేను తక్కువ చేయను. ఆమె పేరు చెప్పునప్పుడు చెప్పులు విడిచినట్లు చెబుతాను. కానీ ఆమెను అడిగిన గొంతు దేవునిది కాదు. ఆ గొంతు మనకు సువార్తలో వినబడుతుంది. యోహాను పదునొకండవ అధ్యాయము తీయండి. జనమంతా నశించుటకంటె ఒక మనుష్యుడు చచ్చుట మేలని లెక్క చెప్పినది ఎవరు? ప్రధానయాజకుడైన కయప. బసిరెడ్డి చిన్నకోడలి పేరు పలికిన గొంతు కయప గొంతే. దేవుడు ఆ లెక్కను ఒప్పుకొనలేదు. ఆ లెక్కకు బలియైనవానినే మూడవనాడు లేపి, లెక్క వేసినవారిని సిగ్గుపరచినాడు. అందుచేత సిలువ క్రింద నిలిచినవాడు చిన్నకోడలి ప్రక్కన నిలువవలెను గాని, మట్టి పోసినవారి ప్రక్కన కాదు.

ప్రియులారా, ఇది పాతకథ అని ఇంటికి పోవుటకు వీలులేదు. 2021 నవంబరు 19న కడప సీమలో చెయ్యేరుమీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెల్లవారుజామున కొట్టుకొనిపోయింది. గేటు ఒకటి పనిచేయలేదని తరువాత తెలిసినది. పదుల సంఖ్యలో ప్రాణములు పోయినవి. పోయినవారెవరు? ఏటి ఒడ్డు పల్లెలలో నిద్రించుచున్నవారు. 2024 అక్టోబరులో మన పండమేరే పొంగి, అనంతపురము అంచున వంక ప్రక్కనున్న కాలనీలను ముంచివేసినది. నీళ్లలో నిలుచున్నది వంక ప్రక్క తప్ప వేరే చోట స్థలము దొరకని బీదలు. ఈనాడు ఏ దేవతయు పలుకదు. గేటుకు నూనె వేయకపోవుటలో, మరువ పూడిపోనిచ్చుటలో, వంకలో ఇండ్లు కట్టుకొననిచ్చుటలో ముసలమ్మ పేరు నిశ్శబ్దముగా వ్రాయబడుతుంది.

ఇండ్లలోని సంగతి కూడ చెప్పుకొందము. బోరు ఎండినప్పుడు ఎవరు బిందె పట్టుకొని మైలు నడుస్తారు? పంట పోయి అప్పు పెరిగినప్పుడు ఎవరి చెవి కమ్మలు ముందు అంగడికి పోతాయి? ఎవరి చదువు ముందు ఆగిపోతుంది? బెంగళూరు వలసపోయినప్పుడు ముసలివాండ్లను చూచుకొనుటకు ఎవరిని విడిచిపోతారు? ఈ ప్రశ్నలు నేను బయటివారిని అడుగుట లేదు. మన సంఘ కుటుంబములనే అడుగుచున్నాను. నా ఇంటినీ అడుగుకొన్నాను. జవాబు నాకు గౌరవకరముగా లేదు.

చివరగా మన నూరేండ్ల సంగతి. మనకును కథలున్నవి. పాత మిషను ఆవరణలలో దొరగారి బావి అని ఒక బావిని చూపుతారు. దొరగారు మోకరించి ప్రార్థించిన చోట త్రవ్వగా నీరు పడినదని చెబుతారు. నేను ప్రార్థనను తక్కువ చేయను. కానీ అవ్వ నేర్పిన ప్రశ్న ఇక్కడ కూడ అడుగుతాను. గడ్డపార పట్టినది ఎవరు? కరువు సంవత్సరములో తట్టలతో బండ ముక్కలు పైకి చేర్చిన స్త్రీలు ఎవరు? గోడలమీద చలువరాతి పలకలలో ఎవరి పేర్లున్నవో మనకు తెలుసు. ఎండలో పల్లె పల్లె నడిచి, వాకిట కూర్చుండి, తిట్లు తిని, సువార్త చెప్పిన బైబిలు స్త్రీల పేర్లు ఎన్ని పలకలమీద ఉన్నవి? వారు మన కట్టలోని మట్టి. వారిమీదనే ఈ సంఘము నిలిచియున్నది.

కాబట్టి నా మనవి ఒక్కటే. ఈ ఉత్సవ సంవత్సరము ముగియకముందే ప్రతి సంఘములోను పడుచువారు ఒక నోటుపుస్తకము తీసుకొని, ఎనుబది దాటిన అవ్వల దగ్గర, తాతల దగ్గర కూర్చుండండి. వారు చెప్పిన కథలు చెప్పినట్లే వ్రాయండి. ఇది జరిగినదా, జరుగలేదా అని వెంటనే తీర్పు చెప్పవద్దు. తేదీలు, శాసనములు, రికార్డులు తరువాత సరిచూచుకొనవచ్చును. తప్పక సరిచూడవలెను కూడ. కానీ మొదట, ఈ కథలో నొప్పి ఎవరిది అని అడగండి. నొప్పి దొరికిన చోట నిజము దొరుకుతుంది. ఆ తరువాత మీ ఊరి చెరువు మరువ ఎట్లున్నదో, తూము ఎట్లున్నదో ఒకసారి పోయి చూచి రండి. అదియు ముసలమ్మకు చేయవలసిన సేవయే.

వేపచెట్టు క్రింద నన్ను అడిగిన అవ్వ కొన్నేండ్ల క్రిందట ప్రభువునందు నిద్రించింది. సమాధి కార్యక్రమము నేనే జరిపించాను. ఆ దినమున ఆమె ప్రశ్ననే ప్రసంగముగా చెప్పాను. ఆమె ఇంటి చిన్నకోడలు వెనుక వరుసలో నిలుచున్నది. ప్రార్థన తరువాత భోజనములకు కూర్చున్నప్పుడు, ఆ ఇంటి పెద్దకొడుకు లేచి, "అమ్మా, ఈ పూట నువ్వు ముందు కూర్చో, మేము వడ్డిస్తాము" అని ఆమెను పిలిచాడు. ఆమె సిగ్గుపడుతూ వచ్చి కూర్చున్నది.

కథ వెనుక నిజమంటే నాకు ఆనాడు కొంత అర్థమైనది.